ఇంటర్వెల్ కబుర్లు: శీర్షాసనం వద్దు, శవాసనం ముద్దు!

మన సినిమాల్లో హీరోయిన్ తండ్రికి వచ్చే జబ్బు ఒక్కటే, గమనించారా? పట్టు డ్రెస్సింగ్ గౌనూ, చేతిలో పైపూ, వెనకాల వంపు తిరిగిన మేడమెట్లూ వుంటే చాలు... ఆయనకి బ్లడ్‌ప్రెషర్ వుండి తీరుతుంది! ఫ్యామిలీ డాక్టరుగారు బ్యాగు మూసి, కళ్ళజోడు తీసి, "వీరికి ఎలాంటి షాకూ తగలకుండా చూసుకోవాలి" అంటారు. అంటే నాలుగు రీళ్ళలోపల షాకు ఖాయమని నేల క్లాసులో కూర్చున్న బుడతడికి కూడా తెలుసు. కూతురు వచ్చి కారు డ్రైవర్ని ప్రేమించానంటుంది. తండ్రి గుండె పట్టుకుని మెట్లమీంచి దొర్లుతాడు. వయొలిన్లు మోగుతాయి.

అసలు బి.పి. కి యింత నటన రాదండీ! అది గుంపులో నిలబడే ఎక్స్‌ట్రా నటుడిలాంటిది. ఏళ్ళ తరబడి తెరమీదే వుంటుంది, మనం చూడం. తలనొప్పి వుండదు, కళ్ళు తిరగవు, ఆకలి తగ్గదు. చాలామందికి వున్నట్టే తెలియదు. ఒకరోజు మూతి పక్కకి లాగేసి, కుడిచెయ్యి ఎత్తలేకపోతేనో, మూత్రపిండాలు మొరాయిస్తేనో అప్పుడు టైటిల్స్‌లో దాని పేరు పడుతుంది. "మా ఆయనకి బి.పి. పెరిగిందండీ, అరుస్తున్నాడు" అని మన యిళ్ళలో అంటారు చూడండి, అది కోపం. కోపంలో కాసేపు అంకె పెరగొచ్చు గానీ, జబ్బు అది కాదు. ఎంతో శాంతమూర్తులకి కూడా బి.పి. వుంటుంది.

యీ వారం యీ గోలంతా ఎందుకంటే, ధర్మవరం నుంచి ఒక కుర్రాడు రాసిన ఉత్తరం. మామూలుగా ఆ వూరినుంచి నాకొచ్చే ఉత్తరాల్లో ఫలానా హీరో వందరోజుల సినిమాలెన్ని అని వుంటుంది. యిది వేరు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. అతని మాటల్లోనే చదవండి.

"మా నాయనకు బి.పి. ఉండాది. రెండేండ్ల నుంచి మాత్రలు మింగుతాండె. ఇప్పుడు పొద్దున పూట యోగా నేర్చుకుంటాండాడు. నేర్పించే ఆయప్ప, మాత్రలు ఇడ్సిపెట్టు, శీర్షాసనం వెయ్యి, నలభై దినాల్లో అంతా సరిపోతాది అన్న్యాడంట. మా నాయన మాత్రలు చాలిచ్చినాడు. గోడకు కాళ్ళు ఆనిచ్చి తలకిందులుగా నిలబడితే మొగమంతా ఎర్రగా అయితాది. మాయమ్మ ఏడుస్తాంది. యోగాతో బి.పి. తగ్గేది నిజమా, అబద్ధమా? సినిమావాళ్ళంతా యోగా చేస్తారంట గదా, మీకు తెలిసుంటాదని రాస్తాండా."

తమ్ముడూ, నువ్వడిగిందాంట్లో నిజమూ వుంది, అబద్ధమూ వుంది. యోగాతో బి.పి. కొంత తగ్గడం నిజం. మాత్రలు చాలించమనడం అబద్ధం. ఆ శీర్షాసనం మాత్రం పచ్చి ప్రమాదం. మీ నాయనకి యీ కాగితం చూపించి, యివాళే ఆపించెయ్. మిగతా కథ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

కథ చెప్పాలంటే మీ జిల్లా నుంచే మొదలెట్టాలి. వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో వుంది. ఆయన మీద 1947 లో వాహినీ వారు "యోగి వేమన" తీశారు. నాగయ్యగారు వేమన. డైరెక్టరు కె.వి. రెడ్డిగారిది తాడిపత్రి. అంటే అనంతపురం జిల్లా యోగి కథని అనంతపురం జిల్లా మనిషే తెరకెక్కించాడు. (2022 లో జిల్లాని విడదీశాక కదిరీ, ధర్మవరమూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి, తాడిపత్రి పాత జిల్లాలోనే వుండిపోయింది. రెడ్డిగారి నాటికి అంతా ఒకటే.) వేమనని యోగి అంటారు గానీ, ఆసనాల పేరుతో వూరికే ఒళ్ళు బిగించేవాళ్ళని ఆయన మెచ్చుకోలేదు. పహిల్వాన్ల సాము కన్నా తక్కువ కట్టాడు. యీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

అదే కె.వి. రెడ్డిగారు 1957 లో "మాయాబజార్" తీశారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా. స్టూడియోలో లైట్లు పెట్టి వెన్నెల కురిపించిన మహానుభావుడు. సరిగ్గా అదే సంవత్సరం మన దేశంలో యింకో రకం ట్రిక్ షాట్ల మీద పరిశోధన జరిగింది! వెంగర్, బాగ్చీ అని యిద్దరు శాస్త్రజ్ఞులు అమెరికా నుంచి మిషన్లు మోసుకొచ్చి, మన ఢిల్లీ డాక్టరు ఆనంద్‌గారితో కలిసి యోగుల్ని పరీక్షించారు. "నేను గుండె ఆపేస్తాను" అని చెప్పుకునే యోగులు అప్పట్లో వుండేవారు. నాడి పట్టుకుంటే నిజంగానే అందేది కాదు. చూసినవాళ్ళు దణ్ణం పెట్టేవాళ్ళు. వీళ్ళు దణ్ణం పెట్టకుండా ఇ.సి.జి. తీగలు పెట్టారు. గుండె ఆగలేదు, శుభ్రంగా కొట్టుకుంటూనే వుంది! వాళ్ళు చేస్తున్నదేమిటంటే, గట్టిగా గాలి పీల్చి, బిగబట్టి, ఛాతీ కండరాలూ పొట్ట కండరాలూ బిగించడం. దాంతో గుండెకి తిరిగి రావలసిన రక్తం తగ్గుతుంది, నాడి అందదు, స్టెతస్కోపులో చప్పుడు వినపడదు. 1961 లో యీ ఫలితాలు అచ్చయ్యాయి.

యిది చదివి "చూశావా, యోగా అంతా బూటకం" అనుకునేవాళ్ళు కొందరుంటారు. తొందరపడకండి. ట్రిక్ షాట్ బూటకమైతే సినిమా అంతా బూటకమైపోతుందా? గుండె ఆపడం అనే సర్కసు పక్కన పెట్టాక, అసలు సినిమా బొంబాయిలో మొదలైంది.

బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దాతే అనే గుండె డాక్టరుగారు వుండేవారు. ఆయన ఎంచుకున్నది శీర్షాసనం కాదు, మయూరాసనం కాదు... శవాసనం! వెల్లకిలా పడుకోవడం. కాళ్ళు కాస్త ఎడం, చేతులు ఒంటికి కాస్త దూరం, కళ్ళు మూత, పొట్టతో నెమ్మదిగా వూపిరి. రోజుకి అరగంట. అంతే! 47 మంది రక్తపోటు రోగులకి నేర్పించి, 1969 లో ఫలితాలు ప్రకటించారు. మందులు వాడని 10 మందిలో సగటు ఒత్తిడి 134 నుంచి 107 కి దిగింది. (యిది పై అంకె కాదండోయ్. పై అంకెకీ కింది అంకెకీ మధ్య లెక్కగట్టే సగటు.) మందులతో అదుపులో వున్న 22 మందిలో 13 మందికి మందుల మోతాదు మూడో వంతుకి తగ్గించగలిగారు. మందులు వాడుతున్నా అదుపులోకి రాని 15 మందిలో 6 గురికే అలా తగ్గించడం కుదిరింది. అంటే అందరికీ ఒకేలా పనిచెయ్యలేదు. యింకో మాట. మందులు తగ్గించింది డాక్టరు, బి.పి. చూస్తూ. రోగి తనంతట తాను డబ్బా అవతల పారెయ్యలేదు.

ఆ ప్రయోగంలో ఒక లోపం వుంది. యోగా చెయ్యనివాళ్ళ జట్టు పక్కన లేదు. పోల్చడానికి ఎవరూ లేకపోతే, తగ్గింది దేనివల్లో ఎలా చెప్పడం? ఆ లోటు తీర్చింది చంద్రా పటేల్ అనే డాక్టరమ్మ. మన దేశంలో పుట్టి, లండన్ పక్క క్రాయ్డన్‌లో మామూలు ప్రాక్టీసు చేసుకునే ఆవిడ. పెద్ద ఆసుపత్రీ లేదు, పరివారమూ లేదు. 1973 లో ఒకటి, 1975 లో ఒకటి, "లాన్సెట్" అనే పేరుమోసిన వైద్యపత్రికలో ఆవిడ వ్యాసాలు వచ్చాయి. రెండోదాంట్లో 34 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆరు వారాలు శవాసనం లాంటి విశ్రాంతి, ధ్యానం, ఒంటి బిగువు ఎంత సడలిందో చెప్పే ఒక చిన్న మిషన్‌తో సాధన. రెండో జట్టువాళ్ళూ అన్నిసార్లే వచ్చారు, అంతసేపే సోఫాలో పడుకున్నారు, కానీ ఏమీ నేర్పలేదు. సాధన చేసినవాళ్ళకి సగటున 168/100 వున్నది 141/84 అయింది. వూరికే పడుకున్నవాళ్ళకి 169/101 నుంచి 160/96.

ఆ రెండో జట్టు అంకెలు మళ్ళీ చూడండి. ఏమీ నేర్పకపోయినా 9 పాయింట్లు తగ్గాయి! పదిసార్లు అదే గదికి వచ్చి, అదే డాక్టరమ్మ దగ్గర చెయ్యి చాపితే భయం పోయి కొంత తగ్గుతుంది. అందుకే ఎవరైనా "మా ఆశ్రమానికొచ్చిన వందమందికి తగ్గింది" అంటే, "రానివాళ్ళకి ఎంత తగ్గింది స్వామీ?" అని అడగాలి. నాకు బాగా నచ్చిన ప్రశ్న యిది. అడిగితే చాలామంది స్వాములకి బి.పి. పెరుగుతుంది!

మన పక్కనే పాండిచ్చేరిలో కూడా చేశారు, 2000 లో అచ్చయింది. 33 మంది, మూడు జట్లు. ఒకరికి పొద్దునా సాయంత్రమూ గంటచొప్పున యోగా, ఒకరికి మందులు, ఒకరికి ఏమీ లేదు. 11 వారాలయ్యాక మొదటి రెండు జట్లకీ తగ్గింది. చిన్న జట్లు కాబట్టి దీన్నే వేదం చేసుకోనక్కర్లేదు. యిలాంటివన్నీ పోగుచేసి 2013 లో ఒకచోట లెక్కకట్టారు. అన్నీ కలిపితే యోగా వల్ల పై అంకె 4, కింది అంకె దాదాపు 4 తగ్గుతున్నాయి. ఆసనాలు, వూపిరి, ధ్యానం... మూడూ కలిపి చేయించిన చోట్ల పై అంకె 8, కింది అంకె 6. ఒక్క ఆసనాలతో సరిపెట్టినచోట అంత ఫలితం లేదు. వూరికే ఒళ్ళు బిగిస్తే ఏం లాభమన్న కటారుపల్లె పెద్దాయన లెక్క తప్పలేదు!

ఎనిమిది పాయింట్లు తక్కువేం కాదు. 146 వున్నవాడికి 138 చాలా విలువైన అంకె. కానీ 180 వున్నవాడికి? 172. అది యింకా ప్రమాదమే. మాత్రలు హీరో అయితే యోగా హీరో పక్కనుండే స్నేహితుడి పాత్ర. మంచి పాత్రే, పాటలో కూడా వుంటుంది. కానీ క్లైమాక్సు ఫైటు ఒక్కడే చేస్తానంటే కుదరదు.

సరే, పడుకుని వూపిరి పీలిస్తే రక్తపోటు ఎందుకు తగ్గాలి? మన మెడలో రెండుపక్కలా పెద్ద రక్తనాళాలున్నాయి కదా. వాటి గోడల్లో ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలుంటాయి. రక్తం ఎక్కువ ఒత్తిడితో వచ్చి గోడని సాగదీస్తే, అవి మెదడుకి కబురు పంపుతాయి. మెదడు గుండెకి "నెమ్మదించు" అని, నాళాలకి "వదులవ్వండి" అని ఆర్డరేస్తుంది. చాలాకాలం బి.పి. వున్నవాళ్ళలో యీ కాపలాదార్లు మొద్దుబారిపోతారు. నెమ్మదైన వూపిరి వాళ్ళని తట్టి లేపుతుంది. 2005 లో ఇటలీలో రోగుల చేత నిమిషానికి 6 సార్లు మాత్రమే వూపిరి తీయించారు. మామూలుగా మనం 12 నుంచి 20 సార్లు తీస్తాం. కాసేపట్లోనే పై అంకె దాదాపు 150 నుంచి 141 కి దిగింది, కాపలాదార్ల చురుకుదనమూ పెరిగింది. అంతకుముందు 2001 లో అదే దేశంలో యింకో తమాషా గమనించారు. జపమాల తిప్పుతూ క్రైస్తవ ప్రార్థన చేసినా, మన మంత్రం చదివినా, వూపిరి తనంతట తానే నిమిషానికి ఆరుకి దగ్గరపడిందట! కాబట్టి తమ్ముడూ, యిందులో మీ మతం మా మతం అనే పేచీ లేదు. మెడలో నరానికి మతం తెలీదు.

యిప్పుడు శీర్షాసనం సంగతి. తల కిందికీ కాళ్ళు పైకీ పెడితే రక్తం బరువంతా తలవైపు. బి.పి. వున్నవాడికి అది అసలే నిండిన చెరువుకి గండి కొట్టడం లాంటిది. చెన్నైలో కంటి డాక్టర్లు శీర్షాసనం వేసేవాళ్ళని పరీక్షించి 2006 లో ప్రకటించారు. ఆ భంగిమలో కంటి లోపలి ఒత్తిడి రెండింతలవుతోంది! సర్వాంగాసనం, హలాసనం కూడా బి.పి. వాళ్ళు వెయ్యకూడదు. వూపిరి బిగబట్టే కుంభకం, కొలిమి తిత్తిలా వేగంగా కొట్టే భస్త్రిక కూడా వద్దు. గుండె ఆపే యోగులు వూపిరి బిగబట్టి ఏం చేశారో పైన చదివారు కదా. బిగబట్టినప్పుడు, వదిలినప్పుడు ఒత్తిడి ఎగిరెగిరి పడుతుంది.

ఫోన్లో హీరోయిన్ల యోగా ఫోటోలు చూస్తుంటారు కదా. సముద్రం ఒడ్డున ఒంటికాలి మీద, చేతుల మీద, తల మీద... ఒక్కరైనా శవాసనం ఫోటో పెట్టారా? పెట్టరు! పడుకున్న మనిషి ఫోటోకి లైకులెవరిస్తారు? కెమెరాకి శీర్షాసనం కావాలి. బి.పి. కి మాత్రం కెమెరాకి ఏమాత్రం పనికిరాని శవాసనమే కావాలి. మీ నాయనకి నేర్పించే ఆయప్ప కూడా కెమెరామెన్ తరహా మనిషేమో!

అనంతపురం గడ్డ మీద బతుకు గురించి కూడా నాలుగు మాటలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానపడే చోట, ఆ వానా చెనిక్కాయ విత్తాక మొహం చాటేస్తే, బోరు వేసి నీళ్ళు పడకపోతే, అప్పు మీద అప్పు కూర్చుంటే, "మనసు ప్రశాంతంగా పెట్టుకోండి" అని చెప్పడం తేలిక. చెప్పేవాడికి! అరగంట శవాసనం అప్పు తీర్చదు. రాత్రి నిద్ర పడుతుందేమో, అదీ కొంత మేలే.

నేతపని వాళ్ళ సంగతి వేరు. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం ఒకేచోట కూర్చోవాలి. చేతులు, కాళ్ళు ఆడతాయి గానీ నడక వుండదు. మీ నాయన పొద్దున యోగాకి వెళ్ళి వచ్చేటప్పుడు అరగంట గట్టిగా నడిస్తే, ఆ నడక కూడా బి.పి. కి మందే. యిక ఉప్పు. సంగటిలోకి ఊరిబిండి, దానిమీద ఊరగాయ, సాయంత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ... రాస్తుంటే నాకే నోరూరుతోంది! అన్నింటిలోనూ ఉప్పే. రోజుకి మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటొద్దంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సంగటి మానొద్దు, ఊరగాయ ముక్క చిన్నది చెయ్యి.

ఎండాకాలం ఒక జాగ్రత్త. కొన్ని బి.పి. మాత్రలు ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే రకం. మీ ఎండల్లో చెమట ధారగా పోతుంటే, ఆ మాత్రతో ఒక్కోసారి బి.పి. మరీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. అప్పుడు కూడా మానెయ్యడం కాదు, డాక్టర్ని అడిగి మోతాదు మార్పించుకోవాలి. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి ఆపితే అంకె మునుపటికంటే పైకి ఎగురుతుంది. మీ నాయన మింగేది ఏ రకమో నాకు తెలీదు, అందుకే తొందరపెడుతున్నా.

యిది చదువుతున్న కుర్రకారు "మాకెందుకీ ముసలి జబ్బు" అని పేజీ తిప్పేస్తున్నారా? ఆగండాగండి! 2019-21 లో దేశమంతటా జరిపిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్ళు దాటినవాళ్ళ బి.పి. చూశారు. మగవాళ్ళలో నూటికి 24 మందికి, ఆడవాళ్ళలో 21 మందికి ఎక్కువ వుంది, లేదా మందులు వాడుతున్నారు. బాల్కనీలో ఒక వరసలో పన్నెండు మంది కూర్చుంటే ముగ్గురు లెక్కకొస్తారు. 140/90 అంటే ఎక్కువని గుర్తు, ఒక్కసారి కాదు, వేరువేరు రోజుల్లో చూసినప్పుడు. చూపించుకునే ముందు అరగంట కాఫీ, బీడీ, సిగరెట్టు వద్దు. అయిదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని మాట్లాడకుండా కూర్చోవాలి. బస్సు దిగి పరిగెత్తుకెళ్ళి చెయ్యి చాపితే వచ్చే అంకె మీది కాదు, బస్సుది.

ధర్మవరం తమ్ముడూ! రేపు మీ నాయన్ని వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళు. పాత మాత్రల అట్ట తీసుకెళ్ళు. ఎన్ని రోజులు మానాడో దాచకుండా చెప్పించు. డాక్టరు తిడితే తిట్టనీ. మళ్ళీ మాత్రలు మొదలయ్యాక శవాసనం చెయ్యనీ, రోజూ అరగంట, నేలమీద చాప వేసి. మీయమ్మని కూడా పక్కనే పడుకోమను, ఆవిడ బి.పి. ఎవరూ చూసివుండరు, అది కూడా చూపించు. ఒక నోటుబుక్కులో వారానికి రెండుసార్లు అంకెలు రాయి. మూడు నెలలకి ఆ బుక్కు డాక్టరు ముందు పెట్టండి. మాత్ర సగం చెయ్యాలో, వున్నంత వుంచాలో ఆయన చెబుతాడు. ఆ బుక్కులో అంకెలు నాకూ రాసి పంపు, యిక్కడే వేస్తాను. నీ పేరు మాత్రం వెయ్యనులే.